నీళ్ళు కుదురుకునే దాకా

"అమ్మ మాత్రల డబ్బా ఎక్కడ పెట్టావ్?" అని మా ఆయన ఫోన్. రోజూ ఆయన మంచినీళ్ళ సీసా తీసుకునే ఫ్రిజ్ మీదే ఉందని చెప్పాను. "ఆరింటికల్లా వచ్చేస్తావుగా?" అన్నాడు. వచ్చేస్తానన్నాను. పన్నెండేళ్ళుగా నోటికి అలవాటైన మాట.

నా ఎదురుగా ల్యాబులో తొట్టె తిరుగుతోంది. ఒకదానిలో ఒకటి నిలబెట్టిన రెండు సిలిండర్లు, మధ్యలో నీళ్ళు. లోపలిది జోరుగా, బయటిది నిదానంగా తిరుగుతాయి. కొత్తగా పుట్టే నక్షత్రం చుట్టూ వాయువు అలాగే తిరుగుతుంది. ఆ ప్రవాహం తనంతట తాను అల్లకల్లోలమవుతుందా అన్నదే మా ప్రశ్న. అవుతుందని ఈ ల్యాబు నడిపే మా సార్ ఇరవయ్యేళ్ళుగా వాదిస్తున్నారు. ఎనిమిది నెలలుగా నేను తీసిన రీడింగులు కూడా ఔననే అన్నాయి. వచ్చేవారం ఆయన పెద్ద సభలో ప్రకటించబోతున్నారు. "నీ చెయ్యి మంచిదమ్మా," అని నిన్న అందరికీ స్వీట్లు పంచి, ఎంగిలి ప్లేట్లు నా చేతికే ఇచ్చారు. మిగతావాళ్ళకి సింకు ఎక్కడుందో తెలీదు, పాపం. ఇంట్లో మా అత్తగారిది ఇంకో మాట: "నీళ్ళు తిరుగుతుంటే చూడ్డానికి జీతమిస్తారా అమ్మాయ్? ఆ చూసేదేదో మన వాషింగ్ మెషీన్ ముందు కూచుని చూడరాదూ?"

పోయిన శనివారం తల్లీకొడుకులు ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. నాకు తొందరేం లేదు. మొదటిసారి తొట్టెని పూర్తిగా రెండు గంటలు తిరగనిచ్చాక రీడింగు తీశాను. తెరమీద గీత తిన్నగా వచ్చింది, కల్లోలం లేదు. ఈ వారం తెల్లవారుజామునే వచ్చి మరో మూడుసార్లు చేశాను. అదే గీత.

నీళ్ళు కుదురుకోవడానికి రెండు గంటలు పడుతుంది. నేను నలభై నిమిషాలే ఇచ్చేదాన్ని, ఆరింటికల్లా ఇల్లు చేరాలి గనక. మేం కొలిచింది నక్షత్రాల కల్లోలం కాదు, నా హడావుడి. ఉదయంపూట తొట్టె ఇమ్మని రెండుసార్లు అడిగాను. "నాలుగింటి దాకా తొట్టె మన ల్యాబు కుర్రాళ్ళకి కావాలమ్మా, ఆ తర్వాత వాళ్ళు ఉండరు, నువ్వైతే సర్దుకుంటావు," అన్నారు సార్. సర్దుకున్నాను. రీడింగులు రాసే లాగ్ బుక్కులో 'రెండు గంటలు ఆగాం' అన్న గడిలో రోజూ అబద్ధపు టిక్కు పెట్టింది మాత్రం నేనే. అది తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆయన వ్యాసంలో ఆ అబద్ధాన్ని లోకమంతా చదువుతుంది, రాసినవాళ్ళ వరసలో చివరి పేరు నాది.

లాగ్ బుక్కు తెరిచి ఎనిమిది నెలల టిక్కులూ ఒక్కొక్కటే కొట్టేశాను. పక్కన 'నలభై నిమిషాలు' అని రాశాను. కారణం గడిలో: 'ఆరింటికి ఇంట్లో వంట నేనే చెయ్యాలి. ఉదయంపూట అడిగితే ఇవ్వలేదు.' కింద సంతకం చేసి సార్ గదికి తీసుకెళ్ళాను.

ఆయన చాలాసేపు చదివారు. ముఖం పాలిపోయింది.

"సభలో ప్రకటన ఆపే సంగతి నేను చూసుకుంటాలే," అన్నారు చివరికి. "ఈ ఇంటి గోలంతా ఇక్కడెందుకమ్మా? ఈ కారణం కొట్టేసి, తొట్టెలో సాంకేతిక లోపం అని రాయి, చాలు."

"తొట్టెలో లోపమేం లేదు సార్," అన్నాను.