రాహేలు చేసిన ముక్కలు

హైదరాబాదులో ఛత్రినాకలో ఉండే కళావతి, సంతోష్‌నగర్‌లో ఉండే రాహేలు ఒకే ప్రయోగశాలలో ఒక జన్యువును కట్టే పనిలో ఉండేవారు. అంత పొడవైన డీఎన్‌ఏను ఒకేసారి తయారుచేయడం ఎనభైల మొదట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి, వాటి కొసలు ఒకదానికొకటి సరిపోయేలా చూసి, ఎంజైముతో అతికించాలి. ముక్కలు చేసేది రాహేలు, అతికించేది కళావతి.

ఎన్నిసార్లు చేసినా అవి అతకలేదు. ఒకరోజు కళావతి అందరి ముందూ విసుక్కుంది. "నీ ముక్కలే ఖరాబున్నయ్ రాహేలూ. నేనెంత చేస్తే ఏం ఫాయిదా?"

"మంచిగనే చేసిన అక్కా. ఒక్కసారి ఎంజైము గూడ చూడరాదు?"

కళావతి వినలేదు. కొద్దిరోజులకే రాహేలు ఉద్యోగం మానేసి, ఇంటి దగ్గరి బడిలో టీచరుగా చేరింది.

ఎండాకాలం కరెంటు కోతలకు ఫ్రీజరులో మంచు కరిగి, అందులోని ఎంజైము పాడైపోయిందని కళావతికి చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్త ఎంజైము తెప్పించి, రాహేలు దాచి వెళ్ళిన ముక్కలనే కలిపింది. జన్యువు నిండు పొడవుతో వచ్చింది.

ఆ సాయంత్రమే కళావతి రాహేలు వాళ్ళింటికి వెళ్ళింది.

"ఎంజైమే ఖరాబైంది. నీ ముక్కలు అతికినయ్. మళ్ళా పనికి రా రాహేలూ."

"అతికినయా!" రాహేలు ముఖం వెలిగింది. తర్వాత మెల్లగా అంది. "గప్పుడే నమ్మితే అయిపోతుండె గదా అక్కా. ఇప్పుడు గా పని మీద మనసు లేదు."

రాహేలు బస్టాపు దాకా వచ్చి సాగనంపింది కూడా. ఇల్లు చేరేదాకా కళావతి బస్సులో, ఆ రోజు అందరి ముందూ తానన్న మాటనే తలుచుకుంటూ కూర్చుంది.