చక్రంలో బొట్టు

తడిపిన గరుకు కాగితం చక్రం అంచున సరసర నడుస్తూనే ఉంది. ఇస్తారి కళ్లు మాత్రం చక్రం మీద లేవు. ప్రహరీ అవతల లేస్తున్న కొత్త అపార్ట్‌మెంటు వైపు, ఎటూ చూడని చూపుతో నిలిచి ఉన్నాయి. చేయి పోయే చోటికి చూపు పోనక్కరలేదని అతడు అందరికీ చెప్పుకున్నాడు. చూపే పోతున్నదని ఎవరికీ చెప్పలేదు.

పొట్టి మనిషి. వంగిన భుజాలు, కనుబొమల మీద బూడిదరంగు దుమ్ము, ఎంత తోమినా తెల్లబడని గోళ్లు. జీడిమెట్లలో స్టీలు గిన్నెలకు మెరుగు పెడుతూ వయసంతా గడిపాడు. ఆ కార్ఖానా మూతబడ్డాక, గుండ్లపోచంపల్లిలోని ఇంటి ముందర, రేకుల కింద ఒక మోటారు బిగించుకుని టైరు తీసిన కార్ల అల్యూమినియం చక్రాలు పాలిష్ చేయడం మొదలుపెట్టాడు.

మొట్టమొదటి చక్రాన్ని భార్య కమలాబాయి ఇత్తడి బిందెలాంటిదే అనుకున్నది. సాయం చేద్దామని చింతపండు, బూడిద వేసి తోమింది. మర్నాటికి చక్రం మచ్చలు తేలి నల్లబడింది. దాన్ని దారికి తేవాలని ఇస్తారి ఎంత రుద్దాడంటే, చివరకు ఆమె ముఖం అందులో తేటగా కనబడింది. ఆమె నవ్వి, చెమటకు చెదిరిన బొట్టును అందులోనే చూసి దిద్దుకున్నది. నాటినుంచి ఆ ఇంట్లో అదే కొలత. కమలాబాయి బొట్టు దిద్దుకోగలిగితే చక్రం అయినట్టు. రాలిన కుంకుమను గుడ్డ కొసతో తుడిచి, అతడు చక్రాన్ని గోడకు ఆనించేవాడు.

కంటి నరం ఎండుతున్నదనీ, ఆపరేషన్‌తో వచ్చేది కాదనీ మేడ్చల్ డాక్టరు చెప్పిన మాటను ఇస్తారి మేడ్చల్‌లోనే వదిలి వచ్చాడు. తెలిస్తే కూతురు వినోద వచ్చి మోటారు వైరు పీకేస్తుంది. చేతులు ఖాళీ అయిన మనిషి పగలంతా ఏం చేస్తాడో అతనికి తెలియదు.

మోటారు ఆపి, పాలిష్ జిడ్డు విడవడానికి చక్రం మీద పిడికెడు జొన్నపిండి చల్లాడు.

"మనుషులకన్న ముందు చక్రానికే రొట్టె," అన్నది గడపలోంచి కమలాబాయి.

"దానికి ఆకలెక్కువ. ఇటు రా, సూడు."

ఆమె కుంకుమ భరిణతో వచ్చి వంగింది. వేలు నుదుటి దగ్గర ఒక్క క్షణం తడబడింది.

"కనవడ్తాందా?"

"కనవడ్తాంది. నా ముసలి మొఖం గూడ మంచిగనే కనవడ్తాంది."

కుంకుమ తుడిచి, అతడు చక్రాన్ని గోడకు ఆనించాడు. బౌరంపేట్ నుంచి భానుతేజ అనే కుర్రాడు రేపు వచ్చి తీసుకుపోతాడు. ఫుట్‌పాత్‌కు గీసుకున్న చక్రం అది.

పొద్దెక్కాక గాజులరామారం నుంచి వినోద వచ్చింది. చెప్పులు విడుస్తూనే తల్లిని చూసింది.

"బొట్టేందమ్మా, కనుబొమ్మ మీదికి వోయింది?"

"సెమటకు జారిందిలే. కాళ్లు కడుక్కోపో."

నీళ్ల చెంబు అందుకోబోయిన ఇస్తారి చేయి గాలిలో ఆగింది. చక్రం మసకగా ఉన్నది. ఆమె అంచనాతో బొట్టు పెట్టుకున్నది. ఇంతకాలం మధ్యాహ్నపు కునుకులో వినిపించే ఆ సరసర శబ్దాన్ని, కోడి మట్టి గీకుతున్నదని అతడు అనుకుంటూ వచ్చాడు. అది కోడి కాదు, తను మసకగా వదిలిన చక్రాలను ఆమె మళ్లీ రుద్దుతున్న చప్పుడు.

అన్నం తింటుంటే వినోద ఎప్పటి మాటే అన్నది. "మోటారు అమ్మెయ్యరాదు నాయినా. మా ఇంటికొచ్చి కూసో."

"కూసొని ఏం జెయ్యాలె?"

"టీవీ సూడు."

ఇస్తారి నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో కమలాబాయి ఒక్కతెకే తెలిసింది. ఆమె తల ఎత్తలేదు.

వినోద బస్సెక్కి వెళ్లాక అతడు చక్రాన్ని మళ్లీ ఒడిలోకి లాక్కున్నాడు.

"జరసేపు పండుకోరాదు," అన్నది కమలాబాయి.

"నిద్రొస్తలేదు. మద్దినాల గీకే కోడి ఎవలిదో ఇయ్యాల ఎర్కయింది."

ఆమె వచ్చి అతని పక్కన కూర్చున్నది. "ఎర్కయితె ఏం జేస్తవు?"

"ఏం జేస్త. గింజలేస్త." గొంతు తగ్గించాడు. "గీ ఒక్కటి నేనే జేస్త కమలా. నువ్వు ముట్టకు. బొట్టు నిజంగ కనవడితెనే చెప్పు."

మోటారు వేయలేదు. పాత చీర గుడ్డ మడిచి, వేలికొసలతో వెతికి, గరుకు తగిలిన చోటల్లా రుద్దాడు. ఊపిరి బరువెక్కితే ఆగాడు. ఎడమ భుజం లాగితే చేయి మార్చాడు. ఆకు మీద నీటిబొట్టు జారినట్టు వేలు ఎక్కడా ఆగకుండా జారేదాకా రుద్దాడు. నీడలు ప్రహరీ ఎక్కుతుంటే చివరి పిండి దులిపి, నెమ్మదిగా పిలిచాడు.

ఆమె వంగింది. ఈసారి వేలు తడబడలేదు. కనుబొమల నడుమ బొట్టు గుండ్రంగా కుదురుకున్నది.

"కనవడ్తాంది," అన్నది. భరిణ మూసి మళ్లీ అన్నది. "అబద్ధం గాదు."

అతడు చేయి చాచి, కుంకుమ ఎప్పుడూ రాలే చోటు తెలిసినవాడిలా, గుడ్డ కొసతో అక్కడ తుడిచాడు. తర్వాత గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

అలసిన మనిషిని లేపడం ఎందుకని ఆమె లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. రొట్టె పొంగాక ఒకసారి పిలిచింది. రెండో రొట్టె పెనం మీద వేసి ఇంకోసారి పిలిచింది. ఆ రెండోది మాడి వాసన వస్తున్నా, లేపుదామని రేకుల కిందికి పోయిన ఆమె తిరిగి రాలేదు.

భానుతేజ వచ్చి చక్రం తీసుకుపోయాడు. వినోద మోటారు వైరు పీకి, చుట్ట చుట్టి మూలన పెట్టింది. దినాలు గడిచాయి. కమలాబాయి నుదుట ఇప్పుడు బొట్టు లేదు.

రేకుల కింద పీట మీద గుడ్డ మాత్రం అలాగే ఉన్నది. పట్టుకున్న పిడికిలి ఆకారంలోనే బిగుసుకుని ఎండిపోయింది. దాని నల్లని మడతలో, ఎర్రగా ఇంత కుంకుమ.