ఐదో విమానం

అంబ్రోజ్ కర్లియే 1914 యుద్ధానికి ముందు సైకిలు పందేలు ఆడేవాడు. ఉత్తర ఫ్రాన్సులోని రూబేలో నేతమిల్లు కార్మికుడి కొడుకు. గెలిచిన సొమ్ముతో విమానం నడపడం నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చేనాటికి మా దళంలో అతనంత అనుభవం ఉన్నవాడు మరొకడు లేడు. అతని విమానానికి ఇంజను చూసేవాణ్ణి నేను.

మొదట్లో విమానానికి ఇద్దరుండేవారు. ఒకరు నడిపితే, ఇంకొకరు శత్రువుల ఫిరంగులు ఎక్కడున్నాయో చూసి ఫొటోలు తీసేవారు. అంబ్రోజ్ వెనక కూర్చునేవాడు మార్సియల్ ఫుజేర్. జూరా కొండల్లో సాఁ క్లోద్ ఊరివాడు. ఆ ఊరంతా పొగాకు పైపులు చెక్కి బతుకుతుంది. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్క ఫిలొమెన్ పైపులకు మెరుగుపెట్టే పని చేసి అతణ్ణి పెంచింది. నోరు తెరిస్తే "మా అక్క" అనేవాడు.

"మా అక్క సూపు ఒక్కసారి తాగావంటే మన వంటవాణ్ణి జర్మన్లకు అప్పజెప్పేస్తావ్," అనేవాడు.

"వాళ్లు మాత్రం ఏం పాపం చేశార్రా?" అనేవాడు అంబ్రోజ్.

ఒకరోజు మార్సియల్ తుపాకీతో గురి చూసి ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. అది మన వైపే పడింది. ముగ్గురం బండెక్కి చూడ్డానికి వెళ్లాం. నడిపినవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, గడ్డం కూడా సరిగా రాలేదు. మార్సియల్ తన మఫ్లరు తీసి అతని మొహం మీద కప్పాడు.

ఆ తర్వాత ఒక్కరే నడిపే యుద్ధవిమానాలు వచ్చాయి. వాటికి ముందువైపు మరతుపాకీ ఉండేది. వాటి పనల్లా ఎదుటి విమానాలను వేటాడటమే. కెప్టెన్ మొదట పిలిచింది అంబ్రోజ్‌నే. అతను ఆ సంగతి చెప్పడానికి మార్సియల్ దగ్గరికి వచ్చి, చెప్పలేక చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"పెళ్లికూతురిలా ఆ సిగ్గేంట్రా? వెళ్లు," అన్నాడు మార్సియల్. "ఇన్నాళ్లూ నా బరువు మోసింది చాల్లే."

"నిన్ను వదిలేసి పోవట్లేదు. నువ్వు ఎప్పుడు ఎగిరినా నీ పైన నేనుంటా. మాట ఇస్తున్నా."

మాట నిలబెట్టుకున్నాడు కూడా, 1916 మార్చి వరకు.

అప్పటికి మమ్మల్ని వెర్దాఁ యుద్ధరంగానికి తరలించారు. అంబ్రోజ్ నాలుగు విమానాలను పడగొట్టి ఉన్నాడు. ఐదు పడగొట్టినవాడి పేరు సైనిక ప్రకటనలో వచ్చేది, పత్రికలు బొమ్మ వేసేవి. మిల్లు కార్మికుడి కొడుక్కి ఆ ఆశ ఉండటం తప్పని నేననను. ఆ ఉదయం మార్సియల్ ఒక కొత్త కుర్రాడు నడిపే విమానంలో ఫొటోలు తీయడానికి బయల్దేరుతున్నాడు, పైన కాపలాకు అంబ్రోజ్. ఎక్కుతూ ఎక్కుతూ అరిచాడు.

"ఐదోది ఎప్పుడు బాబూ? మా అక్క రోజూ పేపర్లో నీ మొహం వెతుక్కుంటోంది!"

"నువ్వు తిన్నగా కూర్చో, ఫొటోలు వంకరొస్తాయ్!" అన్నాడు అంబ్రోజ్.

గంటన్నర తర్వాత అంబ్రోజ్ ఒక్కడే తిరిగొచ్చాడు. చక్రాలు ఆగకముందే కిందికి దూకి నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఐదు, ఎల్వా! ఐదు! ఒంటరిగా పోతున్నాడు, నన్ను చూడనే లేదు!"

"మార్సియల్ వాళ్లేరీ?" అన్నాను.

"ముందే వచ్చేసి ఉండాలే. నేను కింది నుంచి మళ్లీ పైకొచ్చేసరికి కనపడలేదు."

"రాలేదు."

అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అలాగే ఆకాశం వైపు తిరిగి నిలబడ్డాడు. భోజనాల వేళకు కందకాల నుంచి టెలిఫోను వచ్చింది. మన విమానం ఒకటి అడవి అంచున కాలిపోయిందట. ఇద్దరిలో ఎవరూ మిగల్లేదు. వాళ్లను కూల్చినవాడు తూర్పుకు వెళ్లిపోయాడట. అంబ్రోజ్ కూల్చింది వేరే విమానాన్ని, ఎవరి జోలికీ పోకుండా ఇంటిదారి పట్టినదాన్ని.

వారం తిరిగేసరికి పత్రికల్లో అతని బొమ్మ వచ్చింది. యుద్ధం ముగిసేలోపు ఇంకో ఏడు కూల్చాడు. దేనికీ నవ్వగా నేను చూడలేదు.

యుద్ధం ముగిశాక, 1919 వసంతంలో "సాఁ క్లోద్ వెళ్దాం, నాతో రా," అన్నాడు. వెళ్లాం. ఫిలొమెన్ తలుపు తీసి, అతణ్ణి చూడగానే గుర్తుపట్టి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. పొయ్యి పైన గోడకు మార్సియల్ ఫొటో, దాని పక్కనే పత్రికలో వచ్చిన అంబ్రోజ్ బొమ్మ ఉన్నాయి.

"కూర్చో తమ్ముడూ," అంది. "నా బిడ్డను చంపినవాణ్ణి ఆ రోజే, అక్కడికక్కడే పడగొట్టావని పేపర్లో చదివాను. ఏ అక్కకు దక్కుతుంది ఆ భాగ్యం? అది తలుచుకునే ఈ మూడేళ్లూ నిద్రపోయాను."

నేను బల్ల కింద అతని కాలు తొక్కాను. ఊరుకోమని. అతను ఊరుకోలేదు.

"అక్కా, నేను పడగొట్టింది వాణ్ణి కాదు. ఎవరో దారిన పోయేవాణ్ణి. పేరు కోసం కిందికి దిగాను. పైనుంటానని మాటిచ్చి దిగిపోయాను. ఆ సందులో మార్సియల్‌ను కూల్చినవాడు వచ్చాడు."

సూపు పోయబోతున్న ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. దాన్ని గిన్నెలో పెట్టేసి అడిగింది.

"ఇది నాకెందుకు చెప్పావు?"

"అబద్ధం మీద మీరు నాకు అన్నం పెడుతుంటే..."

"నీ బరువు దించుకోవడానికి వచ్చావు. దించుకున్నావు. మరి నేనెక్కడ దించుకోను?"

ఆమె ముగ్గురికీ సూపు పోసింది, రొట్టె కోసింది. వచ్చినవాళ్లకు పెట్టకుండా పంపే మనిషి కాదు. తను మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ సూపు ఎంత బాగుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. అంబ్రోజ్ చెంచా ముట్టలేదు. మేం లేచినప్పుడు ఆమె తలుపు దాకా వచ్చింది కానీ, మళ్లీ రమ్మనలేదు.

రైల్లో అడిగాడు, "చెప్పకుండా ఉండాల్సిందా, ఎల్వా?"

"తెలీదు," అన్నాను. నిజంగానే తెలీదు. ఇప్పుడూ తెలీదు.

అంబ్రోజ్ మళ్లీ విమానం ఎక్కలేదు. రూబేలో ఒక చిన్న సైకిళ్ల కొట్టు పెట్టాడు, పెళ్లి చేసుకోలేదు. విమానం చప్పుడు వినిపిస్తే వీధిలో వాళ్లంతా బయటికి పరుగెత్తేవారు. "కర్లియే గారూ, మీరు చూడరేం, మీవాళ్లే కదా?" అని ఎవరైనా పిలిస్తే, "చెయ్యి ఖాళీ లేదండీ," అని చక్రం బిగించుకుంటూ కూర్చునేవాడు.