ఆకు వేయని గీత

మార్గశిరమాసమున తూర్పుదిక్కు ఇంకను నిండుగ ఎఱ్ఱబాఱకమునుపే స్వర్ణముఖీనదీసైకతములపై పఱచుకొనియున్న మంచుతెర మెల్లమెల్లగ విచ్చుకొనుచుండగా, వానలకు వచ్చిన నీరు మోకాటిలోతుగ మిగిలి గులకఱాళ్లమీదుగ నిర్మలముగ ప్రవహించుచుండగా, ఒడ్డున నిలిచిన కొంగలు చలికి మెడలు ముడుచుకొని చేపలమాటయే మఱచియుండగా శ్రీకాళహస్తిపట్టణమునందలి కలంకారీ పనివారు మూటలు విప్పి తమ పటములను ఆ పాఱునీటిలో జాడించుచుండిరి. గుడ్డనుండి వీడిన పటికయు మిగులురంగును నీటిలో సన్నని తీగలై సాగి నాలుగుబారల దూరము పోకమున్నే కలసిపోవుచుండెను. ఏటిలో ఇన్ని నీళ్లు ఏడాదికి రెండుమూడు మాసములకు మించి యుండవు గనుక ఆ దినములందు వారి హడావుడి చూడవలసినదే గాని చెప్పనలవి కాదు.

ఈ కథ తెలియవలెనన్నచో చదువరి ఆ విద్యను గూర్చి ఒక్క సంగతి ఎఱుగవలెను. కరక్కాయరసములోను గేదెపాలలోను ముంచి యారవేసిన నూలుగుడ్డపై చింతబొగ్గుతో గీసిన గీత తప్పైనచో దులిపివేయవచ్చును. ఇనుపతుక్కును బెల్లమును కుండలో ఇరువది దినములు ఊరవేసి తీసిన కసిమి యను నల్లనిరంగులో వెదురుకలమును ముంచి గీసిన గీత మాత్రము పడినదా పడినదే! నీరు దానిని కడుగలేదు. ఎండ దానిని మాపలేదు. బ్రహ్మదేవుడు దిగివచ్చి గడ్డము పట్టుకొని బ్రతిమాలినను అది కదలదు.

అట్టి గీత వంకరపోయినప్పుడు ఏమి చేయవలెను? మునికృష్ణయ్య యను చిత్రకారుని యింట దానికొక ఉపాయము తండ్రితాతలనాటినుండి కలదు. వంకరపోయిన చోట ఒక యాకును వేయుదురు. నెమలిమెడ వణకినచో దానిప్రక్కనుండి ఒక లేతకొమ్మ మొలచును. కొమ్మ హద్దు దాటినచో దానికొక తీగ చుట్టుకొనును. చూచువారికి తప్పు కనబడదు సరిగదా ఆహా ఎంతటి పనితనమని మెప్పు గూడ దక్కును. ఈ వాడుక ఆ యింట ఎంతగ పాతుకొనెననగా పెండ్లిలో సాంబారు మాడినను పిల్లవాడు పలక పగులగొట్టినను “ఆకెయ్యండబ్బా!” యని యొకరితో నొకరు చెప్పుకొని నవ్వుకొనెడివారు. నవ్వుటకు బాగుగనే యుండెను. ఆ మాట తమ కొంపకు నిప్పు పెట్టునని వారికేమి తెలియును?

మునికృష్ణయ్యకు భరద్వాజ యని యొక్కడే కుమారుడు. పండ్రెండవయేట ఆ బాలుడు ఏనుగు కుంభస్థలము మొదలుకొని తోకకుచ్చువఱకు కలమెత్తకుండ ఒక్క ఊపిరిలో గీయుచుండగా ఆ వీధిలోని పెద్దపనివారు పని మానుకొని వచ్చి గడపలో నిలువబడి చూచెడివారు. పదునాలుగవయేట స్నేహితుని మోటారుసైకిలుపైనుండి పడి వాని కుడిచేతి మణికట్టు విఱిగెను. కట్టు విప్పిన పిమ్మటను నొప్పి మిగిలియుండుటచే వైద్యుడు పదిదినములకు మాత్రలు వ్రాసియిచ్చెను. ఆ మాత్రలు నొప్పిని మాత్రమే పోగొట్టినచో ఈ కథ లేకపోవును. తన చేతి విద్య పోయినదేమో యని లోలోపల గడగడలాడుచున్న బాలునికి ఆ భయమును గూడ అవి పోగొట్టెను. చిత్తము చల్లబడెను, గీత నిలిచెను, తండ్రి భుజము తట్టెను. పదిదినములు గడచినవి గాని మాత్రలు గడవలేదు. వైద్యుని చీటీ యడుగక మాత్రలను చేతిలో పెట్టు పాపాత్ముడొకడు బస్సునిలయము వెనుక దొరకెను. తుదకు ఏ మాత్ర వాని చేతిని నిలిపెనో అది లేనిచో ఆ చేయి నీళ్లకడవ మోసినవాని చేయివలె వణకసాగెను.

ఆ వణకును మొదట చూచినవాడు తండ్రియే. చిలుకముక్కు గీసిన చోట వెండ్రుకవాసి కంపము కనబడెను. మఱియొక తండ్రి యైనచో ఏమిరా యని యడిగియుండును, కాదేని చెంపపై రెండు వేసియుండును. మునికృష్ణయ్య యట్లు చేయలేదు. మధ్యాహ్నభోజనానంతరము కుమారుడు నిద్రించుచుండగా పీటయొద్దకు పోయి కలము చేతబట్టి చిలుకముక్కుప్రక్కన ముచ్చటగ ఒక మామిడాకును వేసెను. సాయంకాలము బాలుడా యాకును చూచెను. తండ్రికి తెలిసినదని వానికి తెలిసెను. వానికి తెలిసినదని తండ్రికి తెలిసెను. ఇద్దఱును ఒకే పటమునకు ఆ చివర ఈ చివర కూర్చుండి పెదవి కదపక పనిచేసికొనిరి. అయ్యో, ఆ సాయంకాలము ఒక్కమాట పుట్టియున్నచో ఎంత బాగుండెడిది!

తల్లి చెంగమ్మయు తక్కువ తినలేదు. కరక్కాయల గంపయడుగున మాత్రల అట్టలు ఆమెకు దొరకినవి గాని ఇరుగుపొరుగువారు పిల్లవాడేల ఇట్లు చిక్కిపోయెనని యడుగగా పచ్చకామెరలని చెప్పెను. కళాశాలవారికిని అదియే చెప్పెను. చెప్పినందుకు తగినట్లుండవలెను గదా యని ప్రతిదినము ఉదయమున నేలయుసిరియాకు నూఱి మజ్జిగలో కలిపి లేని కామెరలకు కొడుకుచే త్రాగించుచుండెను. వాడు కిమ్మనక త్రాగుచుండెను. ఆ చేదు వానికి దక్కవలసినదే యని వాడనుకొనెనేమో!

ఇట్లుండ నొక గ్రంథాలయమువారు తమ సభామందిరపు గోడలకు జంటపటములు కావలెనని కోరిరి. ఒక్కొక్కదానియందు నిండుతోట, నడుమ మహావృక్షము, దానిపై పండ్రెండు పక్షులు. వృక్షము తండ్రిది, పక్షులు కుమారునివి. మొదటిపటమున పక్షి వెంట పక్షి వణకెను, పక్షి వెంట ఆకు మొలచెను. చూడవచ్చిన తోటిపనివాడొకడు ముక్కుపై వ్రేలు వేసికొని “ఏమప్పా మునికిష్నా, ఇంత పచ్చని తోట మీ నాయన గూడా ఎయ్యలేదే!” యనెను. మునికృష్ణయ్య తల వంచుకొనెను. అది వినయమని ఆ తోటిపనివాడనుకొనెను.

ఆ పటమును ఉదుకుటకు మూట కట్టిన నాటి మధ్యాహ్నమున చెంగమ్మ భోజనమునకు పిలువగా భరద్వాజ లేవలేదు. కుదిపినను లేవలేదు. పెదవులు నీలమెక్కియుండెను, ఊపిరి ఒకటి వచ్చినపిమ్మట రెండవది వచ్చునా రాదా యనునంత ఆలస్యముగ వచ్చుచుండెను. ఆమె ముఖముపై నీళ్లు గ్రుమ్మరించి ఱొమ్ము చఱచి పేరుపెట్టి కేకలు వేయగా కొంతసేపటికి వాడు కన్నులు తెఱచెను. పరుగెత్తుకొని వచ్చిన ప్రక్కింటివారితో ఆమె ఎండదెబ్బ యనెను. మార్గశిరమాసమున ఎండదెబ్బ! చెప్పినపిదప ఆ మాట ఆమె చెవులకే వినబడెను. మఱునాడు తెలతెలవాఱుచుండగా ఏటికి బయలుదేఱుచున్న అత్తగారి కాళ్లయొద్ద కూలబడి గంపయడుగున అట్టలు మొదలుకొని సమస్తమును చెప్పివేసెను.

ఆ యత్తగారు గురవమ్మ. డెబ్బదియేండ్ల ఆ ముదుసలి ఏబదియేండ్లుగ ఆ యింటి పటములను తన చేతులతో ఏటిలో ఉదికినది. కోడలి మాటలు విని ఆమె ఏడువలేదు, తిట్టలేదు. మూట నెత్తికెత్తుకొని “నీ మొగుణ్ణి ఏటికి రమ్మను” అని మాత్రమనెను.

మునికృష్ణయ్య పంచె ఎగగట్టి నీటిలో దిగి నిలువగా తల్లి తడిసిన పటమును విప్పి ఒక కొన ఆతని చేతికిచ్చి రెండవకొన తాను పట్టుకొని అప్పుడే పొడసూపిన సూర్యబింబమునకు ఎదురుగ బిగలాగి నిలిపెను. తడిగుడ్డగుండ వెలుగు దూరెను. ఒక్కసారి గీసిన గీత ఒకతీరుగను, గీతపై గీత పడినచోటు కాటుకవలె చిక్కగను కనబడెను. పండ్రెండు పక్షుల చుట్టును ఆకులక్రింద దాగిన వణకు మొత్తము బయటపడెను.

“ఈ ఆకులు ఎవురేసినారు?” అని గురవమ్మ యడిగెను.

ఆతడు తన కొనను పిడికిట బిగించెను.

“మీ నాయన నీకు నేర్పింది గుడ్డ మింద ఆకెయ్యడం. బిడ్డ మింద గాదు. నిన్న మద్యాన్నం వాడు లెయ్యకుండా ఉంటే యాడ ఏసుందువురా ఆకు?”

మునికృష్ణయ్య చేతిలోని కొన జాఱి నీటిలో పడెను. నలువదియెనిమిదేండ్ల మగవాడు నడియేటిలో నిలిచి వెక్కివెక్కి యేడ్చెను. చుట్టునున్నవారు తమతమ గుడ్డలవైపు తల త్రిప్పుకొనిరి. గురవమ్మ తేలిపోవుచున్న కొనను అందుకొని మూట కట్టి “ఏడ్చింది చాల్లే, ఇంటికి పా. నీళ్లు యాడికీ పోవు” అనెను.

ఆతడు తడిపంచెతోనే ఇల్లు చేరునప్పటికి భరద్వాజ రెండవపటము ముందు కలము పట్టి కూర్చుండియుండెను. ఆ పటమున వృక్షము సిద్ధముగనుండెను, ఒక్క పక్షియు ఇంకను వ్రాలలేదు. బాలుని ముక్కును కన్నులును కారుచుండెను, నుదుట చెమట పట్టియుండెను. ఉదయపు మాత్రకై వాడింకను బయటికి పోలేదని తండ్రికి అర్థమయ్యెను. ఆతడు ఎదుట కూర్చుండి రెండేండ్లుగ అడుగవలసినదానిని అడుగలేక “ఒక పిట్టను గియ్యి నాయనా. నేను చూస్తాండా” అనెను.

బాలుడు కలము ముంచెను. మొండికొమ్మపై ఒక పిచ్చుక వీపు మొదలిడినది మొదలు గీత గజగజ వణకెను. మెడయొద్ద విఱిగెను, తోకయొద్ద తన దారి తాను పోయెను. తుదకు అది పిచ్చుకయే గాని వానలో తడిసి ముడుచుకొనిన పిచ్చుకవలె నుండెను. బాలుడు కలమును తండ్రివైపు చాచెను.

“ఆకెయ్యి నాయనా.”

“ఎయ్యను.”

“నాయనా, నీకు దండం పెడతా. జనం చూస్తారు. ఆకెయ్యి!”

“చూడనీ. నాకు నీ గీత గాదురా కావాల్సింది, నువ్వు కావాల. రెండేండ్లాయె, నోరు తెరిచి అడగలేకపోతి. తప్పు నాది.” అని మునికృష్ణయ్య కలమును నీళ్లచెంబులో కడిగి పీటక్రింద పెట్టివేసెను. బాలుడు మోకాళ్లలో తల దూర్చి “మానుకోవాలనే ఉండాది నాయనా, నా వల్ల గాలేదు. బయమేస్తాది” అనెను. గడపలో నిలిచియున్న చెంగమ్మ ఆ మాట విని లోనికి వచ్చి కొడుకు తలను ఒడిలోనికి తీసికొనెను. నేలయుసిరిరసమును ఆమె ఆనాడు పెరటిలో ఒలుకబోసెను.

అదేదినమున వారు మువ్వురును తిరుపతికి పోయి ఇట్టి వ్యసనములను మాన్పు వైద్యురాలి యెదుట కూర్చుండిరి. ఏమి కష్టమని ఆమె మునికృష్ణయ్యను అడిగెను. నలుబదియేండ్లుగ మాటలతో గాక గీతలతో బ్రతికినవాడు గనుక చంకలోని మూట విప్పి రెండవపటమును బల్లపై పఱచి ఆ పిచ్చుకపై వ్రేలు పెట్టి “ఇది మావాడి గీతమ్మా. ముందు ఇట్లుండేది గాదు” అనెను. వైద్యురాలు బల్లపైకి వంగి దానిని చూచెను. పిదప బాలునివైపు తిరిగి “ఒక్కసారిగా మానెయ్యమని నేను చెప్పను బాబూ. మెల్లగా మానిపిస్తాం. నువ్వు మాతో అబద్ధం చెప్పకుండా ఉంటే చాలు” అనెను. బాలుడు తల యూపెను.

ఆ దారి సుగమమని నేను చదువరిని మభ్యపెట్టను. వాడు ఆసుపత్రిలో ఆఱువారములుండెను. ఇంటికి వచ్చిన రెండుమాసములకు మరల బస్సునిలయము వెనుకకు పోయెను. ఈసారి మాత్రము ఆ సాయంకాలమే వచ్చి తల్లితో తానై చెప్పెను. ఆమె నెత్తి కొట్టుకొనెను, ఏడ్చెను, ఆపై చీర మార్చుకొని వానిని వెంటబెట్టుకొని మరల తిరుపతి బస్సెక్కెను. కళాశాలకు పోయి కామెరలు గావని చెప్పివచ్చెను. ఇరుగుపొరుగువారు కొన్నాళ్లు గుసగుసలాడిరి, విసుగుపుట్టి మానిరి. గ్రంథాలయమువారికి మునికృష్ణయ్య జరిగినదానిని జరిగినట్లు చెప్పగా వారు మొదటిపటమును తీసికొని రెండవదానికి ఏడాది గడువిచ్చిరి.

మరల మార్గశిరము వచ్చెను, ఏటిలో నీళ్లు వచ్చినవి. రెండవపటము ఉదుకుటకు సిద్ధమయ్యెను. మిగిలిన పదునొకండు పక్షులను బాలుడు ఆ సంవత్సరమునందు నెమ్మదిగ గీసెను. కొన్నింటికి మెడలు వణకినవి, కొన్నింటికి లేదు. ఒక్కదానిప్రక్కనైనను తండ్రి కలము తాకలేదు. చేయి మాత్రము ఎన్నిసార్లు ముందుకు పోయి వెనుకకు వచ్చెనో ఆతనికే తెలియును.

నీటిలో నిలిచి ఒక కొన గురవమ్మయు రెండవకొన భరద్వాజయు పట్టి పటమును ఎండకెత్తిరి. ముదుసలి కన్నులు చికిలించి గుడ్డనంతను వెదకి ఎక్కడను చిక్కనిమఱక లేదని చూచుకొని మొండికొమ్మపై ముడుచుకొనియున్న ఆ మొదటి పిచ్చుకయొద్ద ఆగెను.

“దీన్ని ఇట్లే ఉంచేస్తివేమిరా అబ్బయ్యా? పక్కన ఇంగొక పిట్టనన్నా ఎయ్యగూడదా, తోడుంటాది.”

“వద్దులే అవ్వా, ఉండనీ. అది నేనే” అని బాలుడు నవ్వెను.

ఒడ్డున తదుపరి మూట విప్పుచున్న మునికృష్ణయ్య తలయెత్తి చూచెను. జంటపటములలో మొదటిదానియందు ఆకులు ఒకదానిపై నొకటి క్రమ్ముకొని సూదిమోపు సందులేకుండెను. ఇందులో ఆ వణకిన పిచ్చుక చుట్టును ఒక్క యాకైనను లేకపోవుటచే ఆ కొమ్మలనడుమ గుడ్డ తెల్లగ మిగిలిపోయెను. ఉదయపువెలుగు ఆ తోటలోనికి వచ్చుచున్నది అచ్చోటినుండియే.