బాగుంది మాస్టారూ

పద్నాలుగేళ్ళప్పుడు నేను ఒక అబద్ధం చెప్పాను. రెండే మాటలు. ఆ రెండు మాటల మీద నిలబడి ఐదేళ్ళు పతకాలు తెచ్చుకున్నాను.

నా పేరు గంగాభవాని. మా నాన్న ఎర్రయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టర్. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రెండు గదుల రైల్వే క్వార్టరు మాది. వెనక క్వార్టర్ల లైన్లో నర్సు సుజాతమ్మ గారి ఇల్లు. ఆవిడ కూతురు ఆలిస్‌దీ నాదీ ఒకే ఈడు. స్టోర్స్‌లో గుమాస్తాగా ఉన్న సమూయేలు మాస్టారు పటాలంలో జిమ్నాస్టిక్స్ నేర్చుకొచ్చిన మనిషి. సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆడపిల్లలకు నేర్పుతానని ఆయన ఇల్లిల్లూ తిరిగి అడిగితే, లైన్లన్నీ కలిపి ఏడుగురం చేరాం.

"ఒలమ్మా, సెడ్డీ యేసుకుని ఆడపిల్ల గెంతడమేటి!" అంది మా అమ్మ.

"గెంతనీయే. దాని ఒంట్లో సత్తువుంది" అన్నాడు నాన్న.

సత్తువ నాకుంది. ఆలిస్‌కి ఉన్నది వేరు. ఆ పిల్ల జిమ్నాస్టిక్స్ కర్ర మీదుంటే ఒంటికి బరువుంటుందన్న సంగతి చూసేవాళ్ళు మరిచిపోయేవారు. కింద వేలాడుతూ ఒక్క ఊపుతో కర్ర మీదికి లేవడం నాకు ఎనిమిది నెలలు రాలేదు. అందరూ ఇళ్ళకు పోయాక ఆలిస్ ఆగి, నా నడుము కింద చెయ్యి పెట్టి, "ఇప్పుడు, భవానీ, ఇప్పుడు" అని లేపేది. నాకది వచ్చిన రోజున నాకంటే ఎక్కువ గెంతింది తనే.

1967లో జాతీయ పోటీలకు వెళ్ళే రైల్వే జట్టులో మా ఊరికి ఒక్క చోటు ఇస్తామన్నారు. అది ఆలిస్‌దేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ నాలుగు నెలలు పిచ్చిదానిలా సాధన చేశాను. అరచేతులు పగిలి నెత్తురొస్తుంటే అమ్మ పసుపు అద్దేది.

ఎంపిక రోజున కలకత్తా నుంచి ఇద్దరు సెలెక్టర్లు వచ్చారు. బీమ్ అనే సన్నటి దూలం మీద, నేల మీద ఆలిస్ నాకంటే కొంచెం ముందుంది. ఇక మిగిలింది కర్రలు. ఒకటి ఎత్తుగా, ఒకటి కిందుగా రెండు కర్రలుంటాయి. వాటి ఇనప స్తంభాలను నాలుగు తీగలు నేలలోని కొక్కేలకు లాగి పట్టుకుంటాయి. ఒక్కో తీగకూ బిగించే మర ఉంటుంది. ఆ రోజు ముందు వంతు నాది.

బాగా చేశాను. కిందికి దిగబోయే చివరి ఊపులో ఎడమ పక్క నుంచి టిక్కుమని వినిపించింది. మర జారిన చప్పుడు. పెద్ద కర్ర నా చేతుల్లో వెంట్రుకవాసి కదిలింది. బిగువున్న మర ఎలా మోగుతుందో, వదులైన మర ఎలా మోగుతుందో నాన్న నాకు చిన్నప్పుడే ఆటలా నేర్పాడు. ఆ చప్పుడేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కర్ర ఎక్కే మనిషి మారినప్పుడల్లా మాస్టారు నాలుగు తీగలూ చేత్తో పట్టి చూసేవారు. ఆ రోజూ లేచారు. ఇంతలో సెలెక్టర్లు కాగితాల కోసం పిలిచారు. ఆయన సగం దారిలో ఆగి నా వైపు తిరిగారు.

"భవానీ, కర్రెలాగుందమ్మా?"

"బాగుంది మాస్టారూ" అన్నాను.

ఆలిస్ పడాలనుకోలేదు. తడబడితే చాలనుకున్నాను, ఒక్క అర మార్కు పోతే చాలనుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా నా మనసు ఇదే జవాబు చెబుతుంది. అది నిజమో, బతకడానికి నేను కల్పించుకున్నదో నాకిప్పటికీ తెలియదు.

ఆలిస్ రెండో ఊపులో ఉండగా ఎడమ తీగ ఊడింది. పెద్ద కర్ర ఒక పక్కకు ఒరిగింది. తను ఎడమ మోచెయ్యి కింద పెట్టుకుని పడింది. కేక వెయ్యలేదు. లేచి కూచుని, వంకరపోయిన చేతిని వింతగా చూసుకుంది.

ఆ చేతిని తను మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా చాపలేకపోయింది.

వారం తర్వాత విచారణ జరిగింది. నన్ను లోపలికి పిలిచి, కర్రలో తేడా ఏమైనా గమనించావా అని అడిగారు. లేదన్నాను. మాస్టారు అక్కడే కూచుని ఉన్నారు. నన్ను అడిగిన సంగతి ఆయన చెప్పేస్తారని భయపడ్డాను. ఆయన నా వైపు చూడనైనా లేదు.

"సూడ్డం నా పని. సూడనేదు" అన్నారు. అంతే.

ఆయన్ను హాలుకు రావద్దన్నారు. ఆ చోటు నాకు వచ్చింది.

తర్వాతి ఐదేళ్ళూ పేపర్లలో ఉన్నవే. రెండో ఏడు కర్రల మీద కంచు, నాలుగో ఏడు వెండి. పద్దెనిమిదేళ్ళకు రైల్వేలో ఉద్యోగం. ఊళ్ళో దిగిన ప్రతిసారీ ఆలిస్ వచ్చి, కుడి చేత్తో నా భుజం పట్టుకుని, "కర్రల మీద ఏటి సేసినావో సెప్పు" అని అడిగేది. ప్రతి ఊపూ చెప్పించుకుని కళ్ళు మూసుకుని వినేది. చెప్పడం ముగించి, పనుందని లేచిపోయేదాన్ని. గోల్‌బజార్‌లో మాస్టారు కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని.

1972లో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నాకు సన్మానం పెట్టారు. గురువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సమూయేలు మాస్టారిని పిలుస్తున్నారా అని అడిగితే సెక్రటరీ బాబు, "ఆయనెందుకు?" అన్నాడు. ఆ మాటతో ఇంటికి వెళ్ళలేకపోయాను. నేరుగా ఇందా అనే పేటకు వెళ్ళాను. ఆలిస్ అక్కడ ఒక చిన్న బడిలో పంతులమ్మ. పిల్లలు మధ్యాహ్నం తిండికి వెళ్ళారు. వరండాలో నిలబడి మొత్తం చెప్పేశాను.

ఆలిస్ చేతిలోని సుద్దముక్క కిటికీ మీద పెట్టింది.

"మాస్టారు నిన్నడిగినాడా?"

"అడిగినారు."

"నువ్వు బాగుందన్నావా?"

"అన్నాను."

"నా సెయ్యి సంగతుండనీ" అంది. "ప్రతి ఆదోరం చర్చీలో ఆయన ఎనక బల్ల మీద కూకుంటాడు. నన్ను సూస్తే తలొంచేసుకుంటాడు. మా యమ్మ ఆయనతో మాటాడదు. నేనూ తిట్టుకున్నాను, భవానీ. మోకాళ్ళ మీద కూకుని, దేవుడికి సెప్పి మరీ తిట్టుకున్నాను. ఐదేళ్ళు నాతో ఆ పని సేయించినావు నువ్వు."

ఏడుస్తూ తన చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"నా కాడ కాదు, ఆయన కాడికెల్లు."

నేను వెళ్ళేసరికి మాస్టారు ఇంటి ముందు స్టూలు మీద కూచుని బీరపాదుకు తాడు కడుతున్నారు. జుట్టంతా నెరిసిపోయింది. నేను నోరు తెరవగానే, "తెల్సమ్మా" అన్నారు.

"మరి ఆ రోజు ఎందుకు సెప్పనేదు మాస్టారూ?"

"ఏటని సెప్పమంటావు? సిన్నపిల్ల మాట నమ్మి తీగ సూడనేదనా? తప్పు నాది కూడాను." తాడు ముడి వేసి, తెంపి, అప్పుడు నన్ను చూశారు. "కాని నువ్వొస్తావనుకున్నాను. మొదటి ఏడాది గేటు సప్పుడైతే నువ్వేననుకునీవోణ్ణి. తరవాత మానేసినాను."

క్షమించానని అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారు. తాగాను.

సన్మానం రోజున హాలు నిండిపోయింది. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో కూచున్నాడు. నేను మైకు దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. సెక్రటరీ బాబు "బస్, బస్, ఠీక్ హై" అని లేవబోయాడు. నేను ఆగలేదు. ముగించాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. నాన్న లేచి, దండలు పెట్టిన బల్ల పక్కనుంచి నడిచి బయటకు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూచుని ఉన్నాడు.

"ఆ సప్పుడు ఏటో నీకు తెల్సు గదే?"

"తెల్సు నాన్నా."

"నేనే నేర్పినాను" అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు.

రెండు నెలలకు మాస్టారి మీది నిషేధం ఎత్తేస్తూ కాగితం వచ్చింది. ఆయన రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. ఒక్క సాయంత్రం హాలుకు వచ్చి, చెప్పులు బయట విడిచి, లోపల కాసేపు నిలబడి వెళ్ళిపోయారట. మళ్ళీ రాలేదు. ఆ ఆదివారం చర్చిలో సుజాతమ్మ గారు వెనక బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన పక్కన కూచున్నారని మా అమ్మ చెప్పింది. జట్టులోంచి నన్నెవరూ తియ్యలేదు. ఆ ఏడు పోటీలకు నేనే వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు.

ఆలిస్ నాతో ఏడాదిన్నర మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున ఇందా బస్టాపులో ఎదురుపడింది. పలకలు నింపిన గోనెసంచీ కుడి చేతిలో, గొడుగు చంకలో, వాన మొదలవుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. సంచీ జారుతుంటే మోకాలితో ఆపుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను. పిలవకుండా దగ్గరికి వెళ్ళే హక్కు నాకు లేదు.

కాసేపయ్యాక, నా వైపు చూడకుండానే, "పట్టుకో" అంది.

బడి దాకా మొయ్యడానికి ఆ సంచీ రెండు చేతులా ఎత్తుకున్నాను.