బల్ల ఆదివారం

సుప్రియ పోయిన రోజు పల్లెకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్లు బిందెలతో మూగి ఉండగా, తాగి ఉన్న స్టీఫెన్ చూసుకోకుండా దాన్ని లాగే ట్రాక్టరును వెనక్కి తోలాడు. చక్రం కింద పడింది వెంకాయమ్మ ఒక్కగానొక్క కూతురు సుప్రియ.

బెయిలు మీద జైలు నుంచి వచ్చిన స్టీఫెన్ బాప్తిస్మం తీసుకున్నాడు. రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆదివారం నాడు, దేవుడు తనకు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"నా పాపాలు నన్ను నిలువునా ముంచినయి. ప్రభువు చెయ్యిచ్చి లాగినాడు. అన్నీ క్షమించినాడు," అని ఏడ్చాడు.

సంఘమంతా ఆమెన్ అన్నది. వెంకాయమ్మ అనలేదు.

మనసులో పగ ఉన్నవాళ్లు రొట్టె ముట్టకూడదన్నది ఆ సంఘంలో కట్టుబాటు. అందుకే గిద్యోను పాస్టరుగారు పళ్లెం పట్టుకుని ఆమె ముందు ఆగారు.

"దేవుడే క్షమించినాక నువ్వు పట్టుకుని కూర్చుంటే ఎట్లమ్మా? ఆయన కూడా కొడుకును పోగొట్టుకున్నాడు గదా."

"ఆ కొడుకు మూడో రోజుకు తిరిగొచ్చినాడు గదా అయ్యగారూ. నా బిడ్డ రాలేదే."

"అట్ల మాట్లాడొద్దమ్మా."

"వాడు దేవుణ్ణి అడిగినాడు, మిమ్మల్ని అడిగినాడు. నన్ను ఒక్క మాట అడిగినాడా? ముందు నన్ను అడగమనండి."

పాస్టరుగారు పళ్లెం పక్కకు తీసుకుపోయారు. ముందు వరసలో స్టీఫెన్ కళ్లు తుడుచుకుని రొట్టె తీసుకున్నాడు.

అతని ఇల్లు వెంకాయమ్మ ఇంటికి ఎదురుగానే ఉంది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక ఆమె తలుపు తీసిపెట్టి కూర్చుంటుంది. స్టీఫెన్ ఇంతవరకూ ఆ గడప దగ్గరకు రాలేదు.