హరీష్ కాఫీ, రాజేశం డ్యూటీ

నస్పూర్ కాలనీలో పొద్దున ఆరింటికి రాజేశం క్వార్టర్ వంటింటి కిటికీలోంచి గరగరమని చప్పుడు వస్తే చాలు, పక్క క్వార్టర్ సుల్తాన్ బీ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, మసాలా నూరే బండ చంకన పెట్టుకుని బయల్దేరుతుంది. ఆ చప్పుడు చేసేది రాజేశం కొడుకు హరీష్. చిన్న చేతిమరలో కాఫీ గింజలు వేసి తిప్పుతుంటాడు. బండ ఎందుకంటే, కాఫీ తాగాక ఒళ్లో పెట్టుకోవడానికి.

హరీష్ కాఫీ తాగినవాళ్లు నేల మీంచి కాస్త పైకి లేస్తారు. మరీ ఎక్కువేం కాదు. కాగితంలో వడగట్టిన నల్ల కాఫీకి రెండు వేళ్ల ఎత్తు. పాలు బాగా నురగ పట్టించిన కాపుచినోకు జానెడు. డికాక్షన్ రెండింతలు పోసి, బెల్లం కలిపి చేసే డబుల్ కాపుచినోకు మాత్రం మూరెడు లేస్తారు. అదీ కడుపులో వేడి ఉన్నంతసేపే. రెండు మూడు గంటలకు కాళ్లు మెల్లగా మళ్లీ నేలకు ఆనుతాయి. చల్లటి కాఫీకి ఏమీ కాదు. అందుకే కాలనీ ఆడవాళ్లకు అదంటే పెద్ద గౌరవం లేదు.

"బేటా, నిన్న నురుగు జర తక్కువైంది. నాలుగు వేళ్లు గూడ లేవలే," అంటుంది సుల్తాన్ బీ గడపలో కూర్చుంటూ.

"పాలు పలుచగున్నయ్ ఖాలా. గియ్యాల బర్రెపాలు తెప్పిచ్చిన," అంటాడు హరీష్.

హరీష్ ఏడాదిపాటు హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపులో పనిచేశాడు. ఆ షాపు మూతపడితే ఒక చేతిమర, ఒక ఇటలీ పాత్ర, పాలు నురగ పట్టించే చెంబు, గ్రాములు చూపే చిన్న త్రాసు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాడు. "పట్నంల ఏడాదుండి చెంబు సంపాదిచ్చుకొచ్చిండు," అని రాజేశం నలుగురిలో నవ్వాడు. గింజలు పద్దెనిమిది గ్రాములా పంతొమ్మిదా అని కొడుకు త్రాసు మీదికి వంగి చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండేది. ఆయన చాయ్ మనిషి. చాయ్ ఎంత మరిగితే అంత సత్తువ, ఎన్ని కప్పులు తాగితే అంత బలం. ఆ గరగరలు, నురగలు ఆయనకు పిల్లలాటలాగే కనిపించేవి. ఇంట్లో అందరూ జానెడు ఎత్తున తిరుగుతున్నా, ఆయన ఒక్కరోజు కూడా కొడుకు కాఫీ నోట పెట్టుకోలేదు.

ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గు గనిలో పనిచేశాక రాజేశం మోకాళ్లు అరిగిపోయాయి. ఇక పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. అలా రాసిస్తే ఆయన బదులు పిల్లల్లో ఒకరికి గనిలో డ్యూటీ, అంటే ఉద్యోగం, ఇస్తారు. ఆ ఒకరు ఎవరన్నదే ఇంట్లో గొడవ.

రాజేశానికి ఇద్దరు పిల్లలు. పెద్దది నవ్యశ్రీ, పాలిటెక్నిక్‌లో మైనింగ్ చదివింది. క్లాసులో ముప్పై మంది మగపిల్లలుంటే ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆడపిల్లల్ని గనిలోకి తీసుకుంటున్నారని తెలిసిన రోజు నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేదు. పొరుగు పిల్లలకు లెక్కలు చెబుతూ కూడా పుస్తకం చివరి పేజీలో గని మార్గాల బొమ్మలు గీస్తుంటుంది. హరీష్‌కేమో నాలుగు గోడల మధ్య తలుపేస్తే చాలు, చెమటలు పడతాయి. దవాఖానలో లిఫ్టు ఎక్కాల్సివస్తే మెట్లు వెతుక్కుంటాడు.

ఒకరోజు నవ్యశ్రీ ధైర్యం చేసి అడిగింది.

"బాపు, నా పేరు రాయరాదె. తమ్మునికి లోపటికి దిగుడంటె భయం. నేను దిగుత."

"కొడుకును పెట్టుకోని బిడ్డను గనిల దింపిండంటరు నన్ను. నేనెట్ల తలెత్తుకోవాలె?"

"ఎవలన్నా అంటె నాకు చెప్పు, నేను మాట్లాడుత."

"మాట్లాడుడు కాదు నవ్యా. కొడుక్కే ఇప్పిస్తనని నేను షిఫ్టోళ్లందరికి చెప్పిన."

అసలు చిక్కు అక్కడే ఉంది. రాజేశం మంచివాడే. కూతురంటే ప్రాణం. కానీ ఒకసారి నలుగురి ముందు అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాదు, పెళ్లిలో పప్పు బాగాలేదన్న మాటైనా సరే. కాగితం నింపేటప్పుడు ఆఫీసు గుమాస్తా "ఎందుకన్నా మంచిది, రెండో పేరు గూడ ఉండనీ," అన్నాడు కాబట్టి కింద నవ్యశ్రీ పేరు రాయించాడు. ఆ రాత కేవలం గుమాస్తా మాట మన్నించడానికే.

హరీష్ మెడికల్ పరీక్ష రోజు వచ్చింది. రక్తం, ఎక్స్‌రే ముందురోజే అయిపోయాయి. ఇక ఎత్తు, బరువు, కళ్లు చూపించుకుని డాక్టరు సంతకం తెచ్చుకోవడమే మిగిలింది. పన్నెండింటికల్లా డాక్టరు లేచి వెళ్లిపోతాడు. నెలకు ఒక్కరోజే ఆ పరీక్ష.

రాజేశం తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని, తొమ్మిదింటికి బయల్దేరబోతూ వంటింట్లోకి వచ్చాడు. గనిలో పనిచేసిన అన్నేళ్లలో ఆయన ఒక్క షిఫ్టుకు కూడా కడుపులో వేడి పడకుండా దిగలేదు. దిగేముందు గాజుగ్లాసు నిండా చాయ్ తాగాల్సిందే. తాగకుండా దిగినవాణ్ని తోటివాళ్లు వెనక్కి పంపి మరీ తాగి రమ్మనేవారు. అది వాళ్ల కట్టుబాటు.

"బిడ్డా, డ్యూటీ పనికి ఉత్త కడుపుతోని పోవద్దు. తాగి నడువు," అన్నాడు కొడుకుతో.

"వద్దులె బాపు. అచ్చినంక తాగుత."

"గట్ల నడువది. నీకు చాయ్ ఎక్కదు గదా, నీ కాఫీయే తాగు. అది గూడ పెద్దది చేసుకో. గా బెల్లమేసేది ఉన్నది సూడు, డబులు. రెండు గ్లాసులు తాగు, సత్తువస్తది."

"రెండా?"

"రెండే. నా ముందట తాగు."

హరీష్ తండ్రి ముఖం వైపు చూశాడు. తల్లి రోజారాణి వైపు చూశాడు. రోజారాణి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చెయ్యి చాపి బెల్లం డబ్బా తీసి కొడుకు ముందుకు జరిపింది. హరీష్ ముప్పై ఆరు గ్రాములు తూచి మరలో పోశాడు.

పాలు నురగలెత్తి ఇల్లంతా కమ్మటి వాసన లేచింది. నవ్యశ్రీ అలవాటుగా తన కప్పు తెచ్చుకుని నిలబడింది. రాజేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకెందుకే? డ్యూటీకి పొయ్యేటోనికే గియ్యాల. నువ్వు ఆగు."

పిల్ల మనసు చివుక్కుమంది. కప్పు బోర్లించింది. ఇంటి వెనక మూలకు వెళ్లి కాసేపు నిలబడి, ముఖం కడుక్కుని వచ్చింది.

దవాఖానకు ఆటోలో ముగ్గురూ వెళ్లారు. నవ్యశ్రీ వెళ్లడానికి కారణం, తమ్ముడి చొక్కా అంచు పట్టుకోవడానికి ఒకరు కావాలి. రెండు డబుల్ కాపుచినోలు తాగిన హరీష్ సీటు మీద నిలవడంలేదు. తల ఆటో కప్పుకు తగులుతోంది. ఆటో అతను అద్దంలో చూసి, "తమ్మీ, తల వంచుకో, కొత్త కవరది," అన్నాడు.

బరువు చూసేది కాంపౌండర్ సిద్దిరాములు. ముక్కు మీద కళ్లద్దాలు, ముందర పెద్ద రిజిస్టరు. హరీష్‌ను మిషన్ మీదకు ఎక్కమన్నాడు. హరీష్ మిషన్ పైన మూరన్నర ఎత్తున నిలబడ్డాడు. ముల్లు కదల్లేదు.

"ఏం తాగినవ్?" అని అడిగాడు సిద్దిరాములు.

"డబుల్ కాపుచినో."

"ఒకటేనా?"

"రెండు."

"మరి గట్లనే ఉంటది. గాలిలున్నోనికి బరువెట్ల రాయాలె నేను? తక్కువల తక్కువ నలభై ఐదు కిలోలు రావాలె. దిగినంక రా. పన్నెండు లోపట దిగితె రాస్త, లేకుంటె లేదు."

అప్పటికి పదిన్నర. ఆ కాఫీ తాగితే బరువు తూగదన్న సంగతి రాజేశానికి అప్పుడే తట్టింది. బయటికి పరుగెత్తి రెండు మజ్జిగ ప్యాకెట్లు తెచ్చి తాగించాడు. చల్లటి సోడా తాగించాడు. ఐస్‌ముక్కలు నమిలించాడు. పదకొండున్నరకు హరీష్ కాలి బొటనవేలు మిషన్‌కు తగిలింది. ముల్లు ఏడు కిలోలు చూపించింది.

"ఏడు! మా గేటుకాడి మేకపిల్ల గింతకన్న ఎక్కువుంటది," అన్నాడు సిద్దిరాములు.

రాజేశం మళ్లీ బయటికి వెళ్లి గోడ పక్కనుంచి రెండు ఇటుకలు పట్టుకొచ్చి కొడుకు చేతుల్లో పెట్టాడు. సిద్దిరాములు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"రాజేశమన్నా, ఇటుకలు డ్యూటీ జెయ్యవు. దింపు."

పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. ముల్లు పదకొండు దగ్గర ఉంది. పక్క గదిలో డాక్టరు కుర్చీ జరిపిన చప్పుడైంది. రాజేశం చొక్కా వీపున తడిసి అతుక్కుపోయింది. ఈరోజు తప్పితే కాగితం చెల్లకుండా పోతుందేమో, ఇంటికి ఏ ఉద్యోగమూ రాకుండా పోతుందేమో అని ఆయన నిజంగా భయపడ్డాడు. గనిలో కూడా అంత భయపడలేదు.

అప్పుడు హరీష్ పైనుంచి అన్నాడు. "బాపు, అక్కను ఎక్కనియ్యి. అక్క పొద్దటిసంది ఏం తాగలే."

సిద్దిరాములు రిజిస్టరులో వేలితో వెతికాడు. "రెండో పేరు ఉన్నదన్నా. నవ్యశ్రీ. రక్తం గిట్ల తర్వాత ఇయ్యొచ్చు. బరువు, ఎత్తు గియ్యాల అయితె నడుస్తది. ఏమంటవ్? టైం లేదు."

రాజేశం కూతురి వైపు చూశాడు. ఆమె బతిమాలలేదు. తమ్ముడి చొక్కా వదలకుండా తండ్రినే చూస్తోంది. షిఫ్టువాళ్లకు ఏం చెప్పాలా అని ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. కొడుకు రెండు కాపుచినోలు తాగాడు, మనిషి దిగలేదు, అంతే. అందులో ఎవరూ అనడానికేమీ లేదు. ఆ మాట తట్టగానే ఆయన గుండె మీంచి పెద్ద బరువు దిగింది.

"ఎక్కు బిడ్డా," అన్నాడు.

నవ్యశ్రీ చెప్పులు విడిచి ఎక్కింది. ముల్లు టక్కున తిరిగి యాభై నాలుగు దగ్గర నిలబడింది. సిద్దిరాములు రాసుకున్నాడు. డాక్టరు సంతకం పెట్టి, టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్లిపోయాడు. నవ్యశ్రీ చొక్కా వదిలేయడంతో హరీష్ కాస్త పక్కకు జరిగి బీరువాకు తగులుకున్నాడు. అక్కడి నుంచే నవ్వుతున్నాడు. వాడి ముఖంలో అంత సంతోషం ఇంట్లో ఎవరూ ఈమధ్య చూడలేదు.

రెండు నెలలకు ఉద్యోగం కాగితం వచ్చింది. నవ్యశ్రీ శిక్షణ పూర్తిచేసి, మొదటిరోజు గనిలోకి దిగింది. ఆ పొద్దున రాజేశమే చాయ్ మరిగించి ఆమెకు గ్లాసు నింపి ఇచ్చాడు. కాఫీ పెట్టబోయిన హరీష్‌ను, "లోపట తల తగుల్తదిరా," అని ఆపాడు.

మధ్యాహ్నం నుంచి ఆయనకు కాలు నిలవలేదు. గేటు దగ్గర దొండతీగకు తాడు కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. రోజారాణి పిలిచినా అన్నానికి రాలేదు. నాలుగింటికి నవ్యశ్రీ వచ్చింది. గని దగ్గరే స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున బొగ్గు అలాగే ఉంది, కాటుక పెట్టినట్టు. రాజేశం భయమేసిందా అని అడగలేదు. అలసిపోయావా అనీ అడగలేదు.

"పైకప్పు కొట్టి సూసినవా?" అన్నాడు. గనిలో పైకప్పు వదులైన చోట కర్రతో కొడితే బోలుగా మోగుతుంది, అక్కడే కూలుతుంది.

"సూసిన బాపు. అన్ని తాన్ల మంచిగనే మోగింది. ఒక్క మలుపుకాడ బోలుగ ఇనవడ్డది. మా షిఫ్టు సూసే సర్దార్‌కు చెప్తె ఆయన గూడ కొట్టి సూసి, పైకప్పుకు ఇంక రెండు బోల్టులు ఏపిచ్చిండు."

"బోలుగ అంటె ఎట్ల? డప్పు లెక్కనా, కుండ లెక్కనా?"

"కుండ లెక్క."

"శెయ్యి ఆనిచ్చి సూసినవా? వణుకు తెలుస్తది."

"ఆనిచ్చిన. జర వణికింది."

రాజేశం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇరవై తొమ్మిదేళ్లు ఆయన ఈ మాటల్ని ఇంటి గడప బయటే వదిలి వచ్చేవాడు. చెబితే భార్య హడలిపోతుంది. కొడుక్కు అక్కర్లేదు. డ్యూటీ మానేసిన రోజు నుంచి వాటిని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేక ఆయన ఎంత ఒంటరివాడయ్యాడో ఆయనకే ఇప్పుడు తెలిసింది. వాకిట్లో మంచం మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. నవ్యశ్రీ కూర్చుంది.

లోపలి నుంచి రోజారాణి కేక వేసింది. "తండ్రీబిడ్డలు తింటరా, తినరా? అన్నం సల్లారుతుంది!"

"జర ఆగవే," అన్నాడు రాజేశం. "మేం డ్యూటీ మాటలు మాట్లాడుకుంటున్నం."